చెయ్యి తగిలింది

జూన్ 16, సోమవారం

అయ్యగారు చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ఆశీర్వాదం అయ్యగారు నాచారంలో మా చర్చికి వచ్చి ఏడాదే అయింది. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. నిన్న ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "కోపం వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడకండి విజయ్ కుమార్ గారూ, ఒక పుస్తకంలో రాసుకోండి" అన్నారు. విక్టోరియా పోయి చెప్పి ఉంటుంది. అన్నం పళ్ళెం గోడకేసి కొట్టానని చెప్పి ఉంటుంది. పళ్ళెమే కదా, మనిషి కాదు. మొగుడి మీద పాస్టరుకు చాడీలు చెప్పే భార్య ఉంటే కోపం రాక ఏం వస్తుంది.

పుస్తకం కొనలేదు. మా కాలేజీ గేటు గదిలో పిల్లలు వదిలేసిన రికార్డు బుక్కులు బోలెడు. ఇది ఎవరిదో మరి. మొదట్లో నాలుగు ప్రయోగాలు చక్కటి దస్తూరితో రాసి, బొమ్మలు వేసి ఉన్నాయి. తర్వాత అంతా ఖాళీ. ఫీజు కట్టలేక మానేసి ఉంటాడు. కాగితం మాత్రం మంచిది.

ఇవాళ చదువు అయిపోయినవాళ్ళు ఇరవై మంది ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలని వచ్చారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదు, మీరే కట్టి కాగితాలు తీసుకుపోండి, అది వచ్చినప్పుడు చూద్దాం అని కాలేజీ మాట. ఆ మాట చెప్పేది ఆఫీసు నడిపే ఏఓ సుబ్రహ్మణ్యం సార్. అది పిల్లల బుర్రకు ఎక్కించేది నేను. నా ఐడీ కార్డు మీద 'డిసిప్లిన్ ఇన్‌ఛార్జ్' అని ఉంటుంది. ఒకడు గేటు ఎక్కబోయాడు. కాలు పట్టి లాగాను. పడ్డవాడు పడ్డట్టు ఉండక లేచి నా తల్లిని తిట్టాడు. చెయ్యి తగిలింది. పెదవి చిట్లి చొక్కా అంతా నెత్తురయింది.

సాయంత్రం రిజిస్టర్‌లో మామూలుగానే రాశాను, తోపులాటలో చెయ్యి తగిలింది అని. ఈ మాట ఏఓ సారే నేర్పారు. చేరిన కొత్తలో నేను 'కొట్టాను' అని రాస్తే ఆయన ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, "మనం కొట్టం విజయ్ గారూ. చెయ్యి తగులుతుంది" అన్నారు. చదువుకున్నవాడు, ఏ మాట ఎక్కడ వాడాలో తెలిసినవాడు.

జూన్ 17

కోపం రాలేదు.

జూన్ 19, గురువారం

ఒకడి వేలు గేటు సందులో నలిగింది. గేటు వేసింది నేనే. వేలు పెట్టింది వాడు.

జూన్ 22, ఆదివారం

రెండేళ్ళ కిందట ఇదే నెలలో చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. ఇవాళ ఇంకెవరో చెబుతుంటే అది గుర్తుకొచ్చింది. నాచారంలో గొట్టాల ఫ్యాక్టరీ మూసేశాక మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. విక్టోరియా బడిలో ఆయాగా చేసి తెచ్చింది తిన్నాను. మా అమ్మాయి మరియా ఇంటర్ అయింది. దాని ర్యాంకుకు, మా బీసీ-సీ కాగితానికి పూర్తి ఫీజు రాదు. మిగతాది ఎక్కడి నుంచి తేవాలి. అప్పుడు ఈ కాలేజీ చైర్మన్ సార్ నా భుజాలు చూసి ఉద్యోగం ఇచ్చాడు. జీతం తక్కువ, కానీ మరియాకు సీఎస్ఈలో ఉచితంగా సీటు. "దేవుడు నా బిడ్డకు సీటు ఇచ్చాడు" అని సాక్ష్యం చెబితే చర్చి అంతా ఆమెన్ అంది. విక్టోరియా ఏడ్చింది. ఉద్యోగం ఏమిటని ఎవరో అడిగితే ఆఫీసు పని అన్నాను.

తప్పేముంది. ఆఫీసు ముందే కదా నిలబడేది.

జూన్ 24, మంగళవారం

సిద్దయ్యన్న వచ్చాడు. చెంగిచెర్ల నుంచి రెండు బస్సులు మారి, ఎండలో ఘట్‌కేసర్ అవతల మా గేటు దాకా నడిచి వచ్చాడు. పద్నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ఆయన మిషన్ పక్కన నా మిషన్. ఆయుధ పూజ నాడు అన్ని మిషన్లకూ ఆయనే పసుపు, కుంకుమ పెట్టేవాడు. నా మిషన్ దగ్గరికి వచ్చేసరికి గిన్నె పక్కన పెట్టి, ఉత్త గుడ్డతో తుడిచి, ఒక బంతిపువ్వు పెట్టి పోయేవాడు. వద్దని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకే తెలుసు.

ఆయన కూతురు సరిత మా కాలేజీలోనే ఈసీఈ చదివి ఈ ఏడే బయటికి వచ్చింది. బ్యాచ్‌లో ఫస్టు. మరియాకు లెక్కలు చెప్పింది కూడా అదే, రెండు ఎండాకాలాలు, మా ఇంటికి వచ్చి. వరంగల్‌లో ఎంటెక్ సీటు వచ్చిందట.

"ఫీజు లేదట తమ్మీ, ఆల్లే ఎదురు నెల నెలా పైసలిస్తరట. గని జూలై పదకొండు తారీకు లోపల ఒరిజినల్ కాగితాలు ఆడ పెట్టాలెనట. లేకుంటె సీటు ఇంకొకలకు పోతది. గియ్యి మీ బీరువాల ఉన్నయి."

"గంతేనా అన్నా. నా మీద ఇడిసిపెట్టు."

"అప్పు తెద్దమా అంటే సక్కుబాయి వద్దన్నది. విజయ్ ఉన్నడు గద అన్నది."

"వదిన మాట సరే. నువ్వు ఇంటికి పో, నిమ్మలంగ నిద్రపో."

టీ తాగించి బస్సు ఎక్కించాను. చాలా రోజులకు మనసు నిండుగా ఉంది.

జూన్ 26, గురువారం

ఏఓ సార్ దగ్గరికి పోయాను. ఆయన కూర్చోమన్నారు, నీళ్ళు తెప్పించారు. అప్పుడే అనుమానం వచ్చింది.

"ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి విజయ్ గారూ. మీకు మీ స్నేహితుడి అమ్మాయి, చైర్మన్ గారికి అందరూ ఒకటే." తర్వాత ఇంకో ఫైలు తీసి నా వైపు తిప్పారు. "ఇది మీ మరియా రాయితీ లెటర్. ప్రతి సెమిస్టరుకూ నేనే సంతకం పెట్టాలి, గుర్తుంది కదా. ఈసారిది ఇంకా పెట్టలేదు."

అంతే. గొంతు పెంచలేదు. బయటికి వచ్చి వరండాలో పూలకుండీని తన్నాను. కుండీ రెండు ముక్కలయింది. మాలి తిట్టబోయి నా మొహం చూసి ముక్కలు ఏరుకున్నాడు.

ఒకవైపు దాని ఎంటెక్, ఒకవైపు దీని ఇంజనీరింగ్. నేను చేయగలిగింది ఏముంది.

జూన్ 28, శనివారం

సిద్దయ్యన్న ఫోన్ చేస్తే సోమవారం పని అవుతుందని చెప్పాను. సోమవారం ఏమైనా కావచ్చు.

జూలై 1

గురువారం అని చెప్పాను.

జూలై 3

ఫోన్ ఎత్తలేదు. ఐదు సార్లు చేశాడు.

జూలై 5, శనివారం

పొద్దున టిఫిన్ దగ్గర మరియా అడిగింది. "డాడీ, సరితక్క కాగితాల సంగతి ఏమైంది? నీకు ఫోన్ చేస్తే ఎత్తుతలేవంట." నీకెందుకు అన్నాను. "నాకు లెక్కలు రాకపోతే నేర్పింది ఆ అక్కనే, నాకెందుకు గాదు" అంది. నోరు లేచింది దానికి. ఇంజనీరింగ్ చదువుతున్నానని. ఆ చదువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు దానికి. చేతిలో ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాను. విక్టోరియా అడ్డం వచ్చింది.

"బయట ఎట్లనో ఉన్నవ్. ఆ చెయ్యి ఇంట్లకు తేకు" అంది.

విక్టోరియాకు చెయ్యి తగిలింది.

మల్కాజిగిరిలో వాళ్ళ అక్క రోజీ ఇంటికి పోయింది. రెండు రోజులకు వస్తుంది. మరియా పోలేదు. ఒక గదిలో అది, ఒక గదిలో నేను.

జూలై 8, మంగళవారం

నెత్తికి నాలుగు కుట్లు. రాస్తుంటే గుడ్డ కళ్ళ మీదికి జారుతోంది.

పదిన్నరకు వచ్చారు, నలభై మంది పైనే. ఎప్పుడూ మగపిల్లలు ముందుంటారు. ఈసారి ముందు ఆడపిల్లలు. అందరికన్నా ముందు సరిత. ఏఓ సార్ ఫోన్ చేసి ఒక్క ముక్క అన్నారు, "చూడండి" అని. చూడటమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

సరిత గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. మెల్లగానే మొదలుపెట్టింది.

"కాకా, నాయిన పదిహేను దినాల సంది నీ ఫోన్ కోసం సూస్తుండు. కాదు అని ముందే చెప్పినా అప్పో సప్పో జేసి కడుతుంటిమి. ఇంక మూడే దినాలున్నయి."

"రేపు మాట్లాడదాం, ఇంటికి పో బిడ్డా."

"రేపు రేపనుకుంటనే గింతకాడికి తెచ్చినవ్."

వెనకవాళ్ళు గేటు ఊపారు. గడియ ఊడింది. సరిత లోపలికి వచ్చింది, తోస్తే వచ్చిందో తనే వచ్చిందో. నా ఎదురుగా నిలబడి అందరికీ వినిపించేట్టు అడిగింది.

"మరియాకు పైసల్లేని సీటు ఇచ్చింది గిందుకేనా కాకా? మమ్ముల కొట్టనీకేనా?"

తల కొట్టేసినట్టయింది. ఎడమ చెవి మీద చెయ్యి తగిలింది.

సరిత ఏడవలేదు, పడలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని తీసి చూసుకుంది. వేలి కొనకు ఒక్క చుక్క నెత్తురు. నా మొహంలోకి చూసి, చిన్నప్పుడు ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు మిషన్ సంగతులు అడిగినట్టే అడిగింది.

"కాకా, ఇనబడ్తలేదు."

ఆ తర్వాత మగపిల్లలు మీద పడ్డారు. ఒక రాయి నెత్తికి తగిలింది. లాఠీ దొరికింది నాకు. ఎంతమందో లెక్క లేదు. ఒకడి మోచెయ్యి విరిగిన చప్పుడు వినిపించింది. ఒకడు కింద పడి చేతులు జోడించినా ఇంకో రెండు వేశాను. నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలూ హాయిగా ఉంది. వాళ్ళను కొడుతున్నంతసేపు ఆ మాట నా చెవిన పడలేదు.

జూలై 9

ఆడపిల్లల మీద నేను చెయ్యి వేయను. ఇన్నేళ్ళలో ఒక్కసారి లేదు. తోపులాట అది. గడియ ఊడింది, అందరూ మీదికి వచ్చారు.

ఆడపిల్లల మీద నేను చెయ్యి వేయను.

పేపర్లో కూడా తోపులాట అనే వేశారు.

జూలై 10, గురువారం

మొన్న సాయంత్రమే సిద్దయ్యన్న నా మీద కంప్లయింట్ ఇచ్చాడు. ఇవాళ స్టేషన్‌కు పిలిచారు. చెవి లోపల పొర చిరిగిందని డాక్టరు రాశాడు, వినికిడి ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమని కూడా రాశాడు.

ఏఓ సార్ కారులో వచ్చారు. చంకలో ఒక ఫైలు. బల్ల మీద పెట్టి తెరిచారు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, టీసీ, అన్నీ సరిత కాగితాలే. పైన 'నో డ్యూ' అని ముద్ర, ఇంకా తడి ఆరలేదు. పక్కన రాజీ కాగితం. అది ఆయనే చదివి వినిపించారు. విద్యార్థిని గేటు తోసుకుని లోపలికి వచ్చినందున జరిగిన తోపులాటలో చెయ్యి తగిలిందని, ఎవరి మీదా ఫిర్యాదు లేదని.

ఆయన చదువుతుంటే సరిత తల పక్కకు తిప్పుకుంది. పొగరు అనుకున్నాను. తర్వాత తెలిసింది, కుడి చెవి ఆయన వైపు పెట్టింది.

రేపే పదకొండో తారీకు. సంతకం పెట్టింది. కాగితాలు ఒక్కొక్కటే చూసుకుని సంచిలో పెట్టుకుంది. కట్టాల్సిన ఫీజు గురించి ఎవరూ ఎత్తలేదు.

మెట్ల దగ్గర సిద్దయ్యన్న ఆగాడు. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"తమ్మీ, పద్నాలుగేండ్లు నీ మిషన్‌కు బొట్టు పెట్టలే. నీకు ఇష్టముండదని. నీకు ఏది ఇష్టముండదో నాకు యాదికుండె" అన్నాడు.

సరితను నడిపించుకుని పోయాడు, ఎడమ పక్కన తను ఉండి.

ఒక్కటి మాత్రం నిజం. నా చెయ్యి తగలకపోతే ఆ కాగితాలు వచ్చేవి కావు. పదిహేను రోజులు బతిమాలితే రానివి, ఒక్క దెబ్బకు వచ్చాయి. ఎట్లా వస్తేనేం. నా మీద ఇడిసిపెట్టు అన్నాను, ఇప్పించాను.

జూలై 11, శుక్రవారం

ఇదే మాట మరియాకు చెప్పాను. మీ అక్క సీటు దక్కింది, ఎవరి వల్ల అనుకున్నావు, చెయ్యి పడితేనే ఆ బీరువా తెరుచుకుంటుంది అని. కొంచెం నవ్వుతూనే చెప్పాను. ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

అది పళ్ళెం పక్కకు జరిపింది. అన్నం తినలేదు.

జూలై 15, మంగళవారం

ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సు దిగి మెట్రో పిల్లర్ల కింద నడుస్తుంటే నలుగురు అడ్డం వచ్చారు. ఒకడి చేతికి సిమెంటు పట్టీ ఉంది, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా. సాయంత్రం ఆరు గంటలు, జనం కిటకిట. ఎవరూ ఆగలేదు. కింద పడేసి తన్నారు. డొక్కలో, వీపులో, మూతి మీద. ఒక పన్ను ఊడి నా చేతిలోకే వచ్చింది. పట్టీ ఉన్నవాడు వంగి నా చెవి దగ్గర చెప్పాడు.

"ఏమనుకోకు అంకుల్. కాలు తగిలింది."

జూలై 16

వాడి మాటకు రాత్రంతా ఒళ్ళు మండింది. తన్నిన దానికి కాదు, ఆ మాటకు.

జూలై 21, సోమవారం

ఏఓ సార్ పిలిచారు. మరియా అప్లికేషన్ పెట్టిందట, కాలేజీ మానేస్తాను, నా ఒరిజినల్స్, టీసీ ఇవ్వండి అని. నాకు తెలియదు. విక్టోరియాకు తెలుసు, ఆమె సంతకం ఉంది. రెండు రోజులకు వస్తుందనుకున్న మనిషి రెండు వారాలైనా రాలేదు, సంతకం మాత్రం వచ్చింది.

"మధ్యలో మానేస్తే మిగిలిన రెండేళ్ళ ఫీజూ కట్టాలి విజయ్ గారూ, అదే రూలు. పైగా ఇన్నాళ్ళూ ఇచ్చిన రాయితీ కూడా వెనక్కి కట్టాలి. పాపకు నచ్చజెప్పండి."

ఇంటికి వచ్చి అడిగాను. "ఓయూ కింద ఏదన్న గవర్నమెంట్ కాలేజీల మామూలు డిగ్రీ చేస్త. నీ గేటు దాటి లోపలికి రాను" అంది. ఇంజనీరింగ్ వదిలి డిగ్రీనా. ఎవరి కోసం చేశాను ఇదంతా. కుర్చీ ఎత్తాను. అది కదలలేదు. కుర్చీ దించాను.

జూలై 24, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పదకొండింటికి ఏఓ సార్ ఫోన్. "గేటు దగ్గర ఎవరో గొడవ చేస్తున్నారట, చూడండి." పోయాను. దూరంగా ముప్పై మంది పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. గేటు దగ్గర ఒక్క మనిషే. మరియా.

"డాడీ, గేటు తీయి."

తీశాను. "ఇంటికి పో" అన్నాను.

"నా కాగితాలు ఇప్పియ్యి, పోత."

"అవి నా చేతుల లేవు."

"నీ చేతులనే ఉన్నయి."

అని జడ వెనక్కి వేసుకుంది. చెవికి ఉన్న కమ్మ తీసి పర్సులో పెట్టుకుంది. ఎడమ చెంప నా వైపు తిప్పింది.

"కొట్టు డాడీ. నువ్వే జెప్పినవ్ గద, చెయ్యి పడితేనే ఆ బీరువా తెరుచుకుంటదని. సరితక్కకు గట్లనే ఇచ్చిన్రు. నాకు గూడ గట్లనే ఇప్పియ్యి."

అరవలేదు. చర్చిలో వాక్యం చదివినట్టు నెమ్మదిగా అంది. వెనక ఎవడో నవ్వాడు.

చెయ్యి దానంతట అది లేవలేదు. నేనే లేపాను. ముప్పై మంది చూస్తుండగా నా బిడ్డను బలమంతా పెట్టి కొట్టాను. పోయి గేటు మీద పడింది. ఇనుము తగిలి కనుబొమ్మ చీలింది. లేచి, మళ్ళీ అదే చోట నిలబడి, అదే చెంప తిప్పింది. రెండోసారి కూడా కొట్టాను. ఎందుకో రాయలేను. మొదటిది కోపం. రెండోదానికి నా దగ్గర పేరు లేదు.

మూడోసారి కూడా చెంప తిప్పింది. కింద కూర్చున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు. ఏఓ సార్ తనే నడిచి వచ్చారు, ఎండలో, చేతిలో ఫైలుతో. ఆయన చూపంతా పిల్లల ఫోన్ల మీద ఉంది. "ఇదిగో అమ్మా, టీసీ, మెమోలు. నో డ్యూ కూడా వేయించాను. ఏదో తోపులాటలో నాన్నగారి చెయ్యి తగిలింది, అంతే కదమ్మా?"

మరియా కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంది. ఇంటర్ మెమో మీద నెత్తుటి చుక్క పడితే చున్నీతో తుడిచింది.

"కాదు సార్. మా డాడీ కొట్టిండు."

నా మెడలో ఐడీ కార్డు ఏఓ సారే తీసుకున్నారు.

జూలై 25

ఇల్లు ఖాళీ. మరియా కూడా మల్కాజిగిరి పోయింది. పెన్ను ఒకటి దొరికింది, ఎర్రది. ఈ బుక్కు మొదటి నుంచి చదివాను. 'చెయ్యి తగిలింది' అని ఉన్న చోటల్లా కొట్టేసి, పైన 'కొట్టాను' అని రాశాను. విక్టోరియా దగ్గర. సరిత దగ్గర. మరియా దగ్గర కొట్టేయాల్సింది ఏమీ లేదు.

జూలై 27, ఆదివారం

సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా అని అయ్యగారు అడిగారు. లేచాను. మూతి ఇంకా వాచి ఉంది, మాట సరిగా రాలేదు. "రెండేండ్ల కింద దేవుడు నా బిడ్డకు సీటు ఇచ్చిండని జెప్పిన. దేవుడు ఇయ్యలే. ఇంకొకల బిడ్డలను కొడితే ఇచ్చిన్రు" అన్నాను. ఏ బిడ్డలో, ఎట్లా కొట్టానో చెప్పాను. ఆడవాళ్ళ వైపు చూశాను, విక్టోరియా రాలేదు.

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు పాట నంబరు చెప్పారు.

జూలై 28, సోమవారం

ఈ బుక్కు పట్టుకుని చెంగిచెర్ల పోయాను. సక్కుబాయి వదిన తలుపు తీసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. సిద్దయ్యన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బుక్కు ఆయన ముందు పెట్టాను.

"అన్నా, కేసు మళ్ళ పెట్టు. గిండ్ల అన్ని రాసిన, నా చేతులతోని. గిదే సాక్ష్యం."

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"కేసంటే బిడ్డ తిరగాలె. వరంగల్ నుంచి వాయిదా వాయిదాకు రావాలె. దానికి సదువు గావాలె, నీకు శిక్ష గావాలె. నీ మనసు నిమ్మలం జేసుకోనీకి మల్ల దాన్నే అడుగుతున్నవా?"

బుక్కు తిరిగి చేతికి తీసుకున్నాను. వదిన లోపల ఫోన్‌లో సరితతో మాట్లాడుతోంది. చెప్పిందే మళ్ళీ మళ్ళీ గట్టిగా చెబుతోంది.

"ఒక్క పని జెయ్యి" అన్నాడు సిద్దయ్యన్న చివరికి. "మీ రిజిస్టర్ల నా బిడ్డనే గేటు తోసి మీదికి వచ్చినట్టు రాసిన్రట. అది కొట్టేయి. కొట్టినవని రాయి. నాకు గది సాలు."

సరే అన్నాను. ఈసారి నా మీద ఇడిసిపెట్టు అని అనలేదు.

జూలై 29, మంగళవారం

పది గంటలకు కాలేజీకి పోయాను. ఎర్ర పెన్ను జేబులో ఉంది. గేటు వేసి ఉంది. అవతల కొత్తవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, బలంగా ఉన్నాడు. నా కార్డే వాడి మెడలో ఉంది, ఫొటో మార్చారు. ఎనిమిదో తారీకు గొడవకు వచ్చినవాళ్ళు కొంతమంది అప్పటికే బయట నిలబడి ఉన్నారు, పట్టీ కట్టినవాడు కూడా. వాళ్ళు కొంచెం జరిగి నాకు చోటు ఇచ్చారు.

"తమ్మీ, రిజిస్టర్ ఒక్కసారి సూడాలె. ఒక్క ముక్క సరిజేసి పోత" అన్నాను.

"పర్మిషన్ లేదు. ఎనకకు జరుగు."

"నీకు చెల్లెలుందా ఈ కాలేజీల?"

వాడి మొహం మారింది. తమ్ముడట, ఫస్టియర్, ఈ నెలలోనే చేరాడట. ఆ సంగతి తర్వాత పట్టీ అబ్బాయి చెప్పాడు.

నేను ఊచ పట్టుకున్నాను. వదలమన్నాడు. వదలలేదు. వాడు ఫోన్ చెవికి పెట్టుకుని "సరే సార్" అన్నాడు. గేటు సందు తీసి బయటికి వచ్చి నన్ను కొట్టాడు, ఎడమ చెవి కలిసేట్టు, అరచెయ్యి మొత్తం పరిచి. నేను కొట్టే తీరే. చాలాసేపు ఆ పక్క గుయ్యిమని ఒకటే మోత, ఇంకేమీ వినిపించలేదు.

సాయంత్రం రిజిస్టర్‌లో ఏం రాస్తాడో నాకు తెలుసు.